మొదటి ముఖం

ఫోనును పప్పుడబ్బాకు ఆనించి కూర్చున్నాను. అందులో నా ముఖమే నాకు కనిపిస్తోంది. ఇంకా ఎవరూ చేరలేదు, పది కావడానికి గంట టైముంది, ఇంత ముందుగా ఎందుకు తెరిచానంటే నా ముఖాన్ని నేనే ఒకసారి తీరిగ్గా చూసుకుందామని, ఇందులో అంత కానిది ఏముందో కనిపెడదామని. ముక్కు ఉంది, ముక్కుపుడక లేదు. నుదురు ఉంది, ఎండకు కమిలిన నుదురు, బొట్టు ఉండే జాగా ఒక్కటే ఇప్పటికీ కొంచెం తెల్లగా ఉంది, ఏళ్ల తరబడి నీడలో ఉన్న నేల లాగా. కింద ఎడమవైపు కెమెరా గుర్తు ఉంది. దాన్ని నొక్కితే నేను పోయి పువ్వు వస్తుంది, మళ్లీ నొక్కితే పువ్వు పోయి నేను వస్తాను. నొక్కి చూశాను. గులాబీ రంగు పువ్వు, మా కంపెనీ గుర్తు. పొద్దున్నే శ్రీదేవి మేడం ఫోను చేసి చెప్పింది, "బీరమ్మగారూ, మీరేమీ అనుకోవద్దు, ఈ ఒక్క బ్యాచ్‌కి కెమెరా ఆపేసి మాట్లాడండి, మీ మాట చాలు, స్క్రీన్ మీద మన పువ్వు బొమ్మ పెడదాం" అని. పువ్వు. తొమ్మిదేళ్ల కింద నా తలలోంచి తీసేసిన దాన్ని ఇప్పుడు నా ముఖం ఉండాల్సిన చోట పెడతారట. మేడం చెడ్డది కాదు. ఫోనులో గొంతు ఎట్లా మూయాలో, ఎట్లా తెరవాలో నాకు నేర్పింది ఆమే, పదిసార్లు మర్చిపోయినా విసుక్కోకుండా నేర్పింది. ఆమె ఆ మాట చెప్పడానికి ముందు ఎంత నీళ్లు నమిలిందో నాకు వినిపించింది. కొత్తగా చేరే పిల్లల్లో ఒకామె తల్లి ఫిర్యాదు చేసిందట, మొదటిరోజు మొదట కనిపించే మనిషి ముత్తైదువ అయితే బాగుండునని. అంతకంటే మేడం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇట్లాంటివి మళ్లీ మళ్లీ వస్తే నన్ను స్వాగతం పని నుంచి తప్పించి, రికార్డు చేసిన ఫోన్లు వినే పనికి మార్చాల్సి వస్తుందేమోనని మాత్రం చివర్లో మెల్లగా అన్నది. వినే పని. చాటున కూర్చునే పని. ఆ పని నాకు కొత్తదా, దానికి నాకు ట్రైనింగు ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

ఆపను. నొక్కి మళ్లీ నన్ను నేను తెచ్చుకున్నాను.

మా పని ఏమిటంటే ఫోన్లు చేయడం. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లకు ఫోను చేసి మందుగోలీలు వేసుకున్నారా, దవాఖానకు పోవాల్సిన రోజు గుర్తుందా అని అడగడం. ఆఫీసు హైదరాబాదులో ఉంది, నేను ఒక్కసారే పోయాను, అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకుంటే లోపలికి పోవాలో ఆగాలో తెలియక ఎవరో వచ్చేదాకా నిలబడ్డాను. మిగతా అంతా ఇంటి నుంచే. నేను నల్లగొండలో ఈ కిరాయి గదిలో, ఒకామె దేవరకొండలో, ఒకామె జడ్చర్లలో, ఎవరి ఇంట్లో వాళ్లం చెవులకు తీగ పెట్టుకుని కూర్చుంటాం. కొత్తవాళ్లను చేర్చుకునేదీ ఫోనులోనే, నేర్పేదీ ఫోనులోనే, నేర్పేది నేనే. పొద్దున్నే నా గొంతు ఎన్ని ఇళ్లలో మొదట వినిపిస్తుందో ఎవరైనా ఆలోచించారా. ముసలాయనలు మంచం దిగకముందే నా గొంతు వింటారు. "గోలి ఏసుకున్నవా పెద్దయ్యా" అంటే "ఏసుకున్న బిడ్డా, నీ పసుపు కుంకుమ సల్లగుండాలె" అంటారు. మొదట్లో ఆ మాట వినగానే తరువాతి నంబరు నొక్కడం మర్చిపోయేదాన్ని. ఇప్పుడు "సరే పెద్దయ్యా, గా నీళ్లు సుత మంచిగ తాగు" అని తరువాతి నంబరుకు పోతాను. నా గొంతు విని ఎవరికీ కీడు జరగలేదు, ఎవరి పనీ చెడిపోలేదు, ఒక్కరి బీపీ కూడా నా వల్ల పెరగలేదు. గొంతు మంచిదైతే ఆ గొంతు వచ్చే నోరు ఎందుకు చెడ్డది, ఆ నోరు ఉన్న ముఖం ఎందుకు చెడ్డది, ఎక్కడ గీస్తారు ఆ గీత, పెదవి పైనా కిందా.

చాయ్ చల్లారింది, పైన మీగడ కట్టింది. తాగబుద్ధి కాలేదు. పక్కింట్లో ఎవరో కుక్కరు పెట్టారు, విజిల్ వేస్తే మీటింగులో అందరికీ వినిపిస్తుంది, పది లోపల దించేస్తే బాగుండు. కొత్తవాళ్లు చేరే రోజు ఎప్పుడూ ఇట్లాగే ఏదో ఒకటి. పోయినసారి బ్యాచ్‌లో ఒక పిల్ల వీడియో కాల్‌లో ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడింది. మాకందరికీ స్క్రీన్ నిండా చెవి, చెవికి బంగారు కమ్మ, ఆ కమ్మ ఊగుతూ "వినబడ్తుందా మేడం, వినబడ్తుందా" అంటోంది. ఎవరూ నవ్వకూడదని నేను పెదవి కొరుక్కుని "వినబడ్తుంది గని బిడ్డా, నువ్వు కనబడాలె, ఫోన్ ముంగట పెట్టుకో" అంటే, ఆమె ఫోనును ముందు పెట్టి తాను పక్కకు జరిగింది, చీర కనిపించింది, ముఖం కనిపించలేదు. ఫోనంటే చెవికి పెట్టుకునేదని తెలిసినవాళ్లం, ముఖాన్ని అందులో పెట్టాలంటే సిగ్గు. నాకూ అంతే ఉండేది. మొదటిరోజు నన్ను చూసి శ్రీదేవి మేడం "మీరు ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చున్నారు, ఊపిరి తీసుకోండి" అన్నది. అప్పుడు కానీ నేను ఊపిరి బిగబట్టానని నాకు తెలియలేదు.

ఊపిరి బిగబట్టడం నాకు అత్త నేర్పింది. ఆమె కూడా మొగుడు పోయిన మనిషే, నాకంటే చాలా ముందు. మా ఆయన పర్వతాలు పోయిన తర్వాత, అన్ని దినాలూ అయిపోయి, గాజులు పగలగొట్టిన గాట్లు మణికట్టు మీద ఇంకా మానకముందే, ఒక పెండ్లి బాజా వీధిలోకి వస్తుంటే ఆమె నన్ను తలుపు వెనక్కి లాగి నిలబెట్టింది, కదలకు, గాలి పీల్చినా కొంగు కదులుతుంది, కొంగు కదిలితే కనిపిస్తావు అన్నది. కోపంగా కాదు, కూర ఎట్లా చేయాలో చెప్పినట్టు చెప్పింది. తాను ఎన్నేళ్లుగానో పట్టిన విద్య, కోడలికి అప్పగిస్తోంది. ఇప్పుడనిపిస్తుంది, నాకు మొట్టమొదట దొరికిన ట్రైనింగు అదే. ఆమెకు కెమెరా గుర్తు అవసరం లేదు, కుడి చేత్తో కొంగు లాగితే చాలు, మనిషి పోయి గోడ వచ్చేది.

పర్వతాలు గొర్రెల మనిషి. మందతోనే తిరిగాడు, జడ్చర్ల రోడ్డు మీద పొద్దు పొడవక ముందు మందను దాటిస్తుంటే లారీ వచ్చింది. గొర్రెలను దాటించి తాను మిగిలిపోయాడు. మంద మరిది గిరి చేతికి వచ్చింది. గొర్రెపిల్లలకు పాలు తాపింది నేను, కురుపులకు పసుపు పెట్టింది నేను, ఈనే గొర్రె పక్కన దొడ్డిలో పడుకున్నది నేను. ఆ ఏడు వరికోతలైన తర్వాత మంద పొలాల మీదికి బయలుదేరే పొద్దు గిరి వచ్చి "వదినె, ఏమనుకోకు, మంద ఎల్తాంది, జర లోపటికి పో" అన్నాడు. పోయాను. తలుపు సందులోంచి చూస్తున్నాను. మంద దుమ్ము లేపుకుంటూ వీధిలో పోతోంది, నేను సీసాతో పాలు తాపి పెంచిన ఒక గొర్రె మందలోంచి విడిపోయి సీదా వచ్చి మా గడప ముందు నిలబడి అరిచింది. గిరి కర్రతో అదిలించాడు, పోలేదు. మళ్లీ అదిలించాడు. గొర్రె తలుపు వైపే చూస్తోంది, లోపల ఉన్నానని దానికి తెలుసు. నేను ఊపిరి బిగబట్టాను, అత్త చెప్పినట్టే. ఆ ఏడు మందకు ఏ రోగమూ రాలేదు, మంచి ధర పలికింది. నేను కనిపించకపోవడం వల్లనే అని గిరి అనుకున్నాడు. తలుపు సందులోంచి ఆ గొర్రె నా ముఖం చూసింది కదా అని నేను అనుకున్నాను కానీ, అప్పుడు నాకు నోరు లేదు.

కొత్త గొర్రెను అంగట్లో కొని తెస్తే మందలో ఎట్లా కలపాలో పర్వతాలు దగ్గర చూశాను. తెచ్చిన వెంటనే మందలోకి తోలేయడు. పాత గొర్రె ఒకదానితో జోడు కట్టి దొడ్డిలో ఉంచుతాడు, అరచేతిలో ఉప్పు పెట్టి నాకిస్తాడు, దాని ముందు కూర్చుని ఊరికే మాట్లాడుతుంటాడు, వానలు, కూలీలు, నా మీద ఫిర్యాదులు, ఏదో ఒకటి. బెదురు పోయే దాకా బయటికి తీయడు. కొత్త పిల్లలు ఫోనులో చేరినప్పుడు నాకు అదే గుర్తుకొస్తుంది, ఈ మాట వాళ్లకు చెప్పను, మమ్మల్ని గొర్రెలంటావా అంటారు. కానీ నేను చేసేది అదే. మొదటిరోజు పని నేర్పను. పేర్లు అడుగుతాను, ఏం వండారో అడుగుతాను, తర్వాత ఇంట్లోవాళ్లను చూపించమంటాను. ఇది మాత్రం నేను పెట్టిన పద్ధతి, మేడం కూడా ఒప్పుకున్నది. ఎందుకంటే మా ఆఫీసు ఇంట్లోనే ఉంది కదా, ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియాలి కదా. ఆడమనిషి ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే అది పని అని ఎవరనుకుంటారు. నీళ్లు తెమ్మంటారు, పిల్లను పట్టమంటారు, ఎవరితో ఆ ముచ్చట్లు అంటారు. అందుకని మొదటిరోజే అత్తనో మొగుడినో తల్లినో కెమెరా ముందుకు పిలిపించి, అందరూ వింటుండగా చెబుతాను, ఈ నాలుగు గంటలు ఈమె ఇంట్లో లేనట్టే లెక్క అని. నలుగురి ముందు ఒప్పుకున్న మనిషి మర్నాడు తప్పడానికి కొంచెం జంకుతాడు. ఆ మాట చెప్పడానికి నాకు ముఖం కావాలి. అత్తగారి కళ్లలోకి చూసి చెప్పాల్సిన మాట అది, పువ్వు బొమ్మ చెబితే ఎవరు వింటారు.

జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేసే నా కొడుకు ఎల్లస్వామికి చెప్పాను ఇందాక. "బొమ్మ పెట్టుకుంటే ఏం పోతదే అమ్మా, జీతమైతే ఆగదు గద" అన్నాడు. వాడి లెక్క వాడిది. జీతం ఆగదు. జీతం ఆగని చోట ఏమేం ఆగుతాయో వాడికి తెలియదు, వాడు మగపిల్లవాడు, వాడు ఎదురొస్తే ఎవరూ వెనక్కి తిరగరు.

అక్షరాలు నేర్చుకోకపోయి ఉంటే ఈ గొడవే లేదు. నలభై దాటాక సంఘం గదిలో స్వర్ణ టీచరు నేర్పింది, ఆమె నా కంటే సగం వయసు పిల్ల. కొడవలి పట్టిన చేతికి బలపం మరీ తేలిక, ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియక రోజూ విరగ్గొట్టేదాన్ని. "అక్షరం ఏం పారిపోదక్కా, మెల్లగ పట్టు" అనేది స్వర్ణ. చదవడం వచ్చిందని నాకు నమ్మకం కుదిరింది నల్లగొండ బస్టాండులో. ఎక్కాల్సిన బస్సు వదిలేసి సిమెంటు బెంచీ మీద కూర్చుని వచ్చిన బస్సుల బోర్డులన్నీ ఒక్కొక్కటే చదివాను. ఒక కండక్టరు చూసి చూసి "ఏ ఊరికమ్మా నువ్వు" అన్నాడు. "ఏ ఊరికి పోను, సదువుకుంటున్న" అన్నాను. వాడు తల ఊపి పోయాడు, పిచ్చిది అనుకున్నాడో ఏమో. బోర్డుకు తెలియదు తనను చదివేది ఎవరో. అక్షరం ఎవరు చూసినా ఒకే తీరుగా ఉంటుంది. ముత్తైదువకు ఒక తీరు, నాకొక తీరు కాదు. అది నాకు ఎంత నచ్చిందంటే ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను.

ఫోను మోగింది. నా ముఖం పోయి నంబరు వచ్చింది. నిన్న సరిచూసుకునే కాల్‌లో రాసుకున్న ఇంట్లోవాళ్ల నంబర్లలో ఒకటి. కొత్తవాళ్ల కెమెరాలు పని చేస్తున్నాయో లేదో ముందురోజు ఒక్కొక్కరికీ చేసి చూస్తాను. ఆలేరు పిల్ల నాగరాణికి చేసినప్పుడు ఆమె తల్లి పక్క నుంచి పలకరించింది, మనిషి కనిపించలేదు, ఆ మాటా ఈ మాటా అయి "మీ ఆయన ఏం జేస్తడక్కా" అంటే ఉన్నదున్నట్టు చెప్పాను. దాచడానికి అదేమైనా దొంగసొత్తా.

"అక్కా, నేను నాగరాణి వాళ్లమ్మను, సైదమ్మను."

"చెప్పు సైదమ్మా."

"గా మేడంకి ఫోన్ జేసింది నేనే."

గొంతు నేరుగా వచ్చింది, దాక్కోలేదు. అది నాకు నచ్చింది, నచ్చినందుకు కోపం ఎక్కువైంది. "చేస్తివి గద, మల్ల నాకెందుకు చేస్తున్నవ్?"

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? గట్ల నిన్నంటే నీకు రాదా?"

"నాకెందుకు రాదక్కా. నేను సుత నీ లెక్కనే. మా ఆయన పోయి నాలుగేండ్లు."

ఆమె మెల్లగా మాట్లాడుతోంది, పక్కన ఎవరైనా వింటారని భయపడే గొంతు. "పొద్దుగాల సంది ఇంటెనక దొడ్లెనే కూసున్న. నా బిడ్డ ఏ చీర కట్టిందో సుత సూడలే. మొదటి పొద్దు గద అని నేనే తప్పుకున్న. కన్నతల్లిని నేనే తప్పుకున్నంక, నువ్వు జర తప్పుకుంటే ఏం పోతదక్కా? ఒక్క పొద్దే గద."

"దొడ్లె కూసొమ్మని ఎవరన్నరు, నీ బిడ్డన్నదా?"

"అదెందుకంటది, దానికి తెల్వది. ఇప్పటికి రెండు నౌకర్లు పోయినయి. రెండుసార్లు సద్ది కట్టిచ్చి నేనే గడపల నిలవడ్డ. మా ఆడిబిడ్డ మొకం మీదనే అన్నది, నిన్ను సూస్కుంట పోతే ఇంకేమైతదని."

"మొదటి నౌకరి ఎందుకు పోయింది?"

"బట్టల షాపు. ఆయన అమ్ముకొని పోయిండు."

"రెండోది?"

"బడి. పిల్లలు వస్తలేరని మూసేసిన్రు."

"షాపు అమ్మిచ్చింది, బడి మూపిచ్చింది, అంతా నీ మొకమేనా? గంత తాకతుంటే నువ్వు దొడ్లె ఎందుకున్నవ్ సైదమ్మా, హైదరాబాద్ పో, నిన్ను సూపెట్టి మస్తు పనులు చేయించుకుంటరు."

అవతల ముక్కులోంచి ఒక నవ్వు వచ్చింది, వెంటనే అది ఏడుపైంది. "నవ్వులకు కాదక్కా. ఇది సుత పోతే దానికి ఇంకో దారి లేదు. దండం పెడ్త" అన్నది. కట్ అయింది. నంబరు పోయి మళ్లీ నా ముఖం వచ్చింది.

ఆడిబిడ్డ అయితే సులువు. అత్త అయినా సులువు, ఊరి పెద్దమనిషి అయితే మరీ సులువు, ఇంత మాట అంటే అంత మాట అనేదాన్ని. నా లాంటి ముఖమే నా ముఖాన్ని తీసేయమంటే ఎవరి మీద అరవాలి. చేయి కెమెరా గుర్తు దాకా పోయింది. పోయిందని నాకు స్క్రీనులోనే కనిపించింది, ఒక వేలు పెద్దదై నా గదవను కప్పేస్తూ. నిజమే, ఒక్క పొద్దు. ఒక్క పొద్దే కదా అని గిరి అన్నాడు. ఒక్క పొద్దే అని అత్త అన్నది. ఒక్కొక్క పొద్దుగా నా దగ్గర నుంచి ఎన్ని తీసుకున్నారో, అన్నిటినీ కలిపితే ఒక మనిషి బతుకు అవుతుంది. నేను కనిపిస్తే, రేపు ఏ కారణం చేతనో ఆ పిల్ల పని పోతే, సైదమ్మ ఆ బరువు నా ముఖం మీద పెడుతుంది. పెట్టనీ. ఇప్పుడు తన ముఖం మీద పెట్టుకుని మోస్తోంది కదా, సగం నేను మోస్తాను. కానీ నేను పువ్వునైపోతే ఏమవుతుంది. పిల్ల పని నిలబడుతుంది, దేవుడి దయ. అప్పుడు సైదమ్మ ఏమనుకుంటుంది, చూశావా, నేను దొడ్లో కూర్చుంటేనే నిలబడింది, ఆ నేర్పే ఆమె కూడా తప్పుకుంటేనే నిలబడింది, హైదరాబాదు కంపెనీ కూడా అదే నమ్మింది అనుకుంటుంది. ఇక ఆ దొడ్లోంచి ఆమెను ఎవరు లేపుతారు. పిల్ల మొదటి జీతం రోజు దొడ్లో ఉంటుంది, పిల్ల పెండ్లినాడు దొడ్లో ఉంటుంది. ఆ తలుపు వెనక గాలి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను దాన్ని మళ్లీ పీల్చను, ఇంకొకరికి మూసి ఇవ్వను.

వేలు తీసేశాను. జుట్టు సరిచేసుకున్నాను. పక్కింటి కుక్కరు సరిగ్గా అప్పుడే విజిల్ వేసింది. వేయనీ.

వచ్చారు. స్క్రీన్ మీద ఒక డబ్బా, రెండు డబ్బాలు, తర్వాత గబగబా అన్నీ. ఒకదాంట్లో పైకప్పు, ఒకదాంట్లో గోడ మీద మేరీమాత పటం, ఒకదాంట్లో ఒక పిల్ల మరీ దగ్గరగా కూర్చుని ముక్కు మాత్రమే. నాగరాణి పసుపు చీర కట్టింది. సన్నటి పిల్ల, కొత్త చీర బిగుసుకుని భుజాలు చెవుల దాకా లేచాయి. నన్ను చూసింది. దాని కళ్లలో బెదురు తప్ప ఇంకేమీ లేదు, ఆ బెదురు నా నుదురు చూసి కాదు, పని చూసి.

"అందరు మంచిగున్నరా? నా పేరు బీరమ్మ. పని నేను నేర్పిస్త. ముందుగాల ఊపిరి ఇడువుండ్రి, ఫొటో దింపుతలేరు ఎవరు." నవ్వారు. భుజాలు కొంచెం దిగాయి. ఇంట్లోవాళ్లను చూపించమన్నాను. జడ్చర్ల మల్లిక మొగుడిని లాక్కొచ్చింది, గడ్డానికి సబ్బు నురుగుతో వచ్చాడతను. "ఈయన మా ఆయన మేడం, బెంజమిన్" అన్నది. "బెంజమిన్, నాలుగు గంటలు ఈమె ఇంట్ల లేనట్టే. చాయ్ గియ్ నువ్వే పెట్టుకోవాలె" అన్నాను. "పెట్టుకుంట మేడం, ఆమెకు సుత పెడ్త" అన్నాడు. "అందరు ఇన్నరు, ఇగ తప్పేది లేదు" అంటే నురుగుతోనే తల ఊపాడు. అత్తలు వచ్చారు, ఒక తాత వచ్చి ఫోనుకు దండం పెట్టాడు. నాగరాణి వంతు వచ్చింది.

"ఇంట్ల ఎవరు లేరు మేడం."

"అమ్మ?"

"దొడ్లె ఉంది. ఎన్నిసార్లు పిలిచినా వస్తలేదు మేడం, ఏమైందో తెల్వది."

"అమ్మ రాకుంటే ఫోనే అమ్మ దగ్గరికి పోతది. పట్టుకొని పో."

ఆలేరు ఇల్లు నా ఫోనులో ఊగడం మొదలుపెట్టింది. వంటగది, చిలకకొయ్యకు తువ్వాల, వెనక గడప, ఒక్కసారిగా తెల్లటి ఎండ, నీళ్ల డ్రమ్ము, కోళ్లు. గోడ నీడలో బట్టలుతికే బండ మీద ఒక మనిషి, మా వైపు వీపు. "అమ్మా, మా మేడం" అన్నది నాగరాణి. వీపు ఇంకా గోడ వైపు జరిగింది. కొంగు ముఖం మీదికి వచ్చింది. ఆ చేతి కదలిక నాకు తెలుసు.

"తీస్కపో బిడ్డా, ఇయ్యాల వద్దు" అన్నది గోడతో.

"సైదమ్మా" అన్నాను, "నేనైతే కనబడ్డ. నీ బిడ్డ నన్ను మంచిగనే సూసింది. అయ్యేదేందో అయిపాయె. ఇగ నువ్వొక్కదానివి దాసుకొని ఏం లాభం?"

అన్ని ఇళ్లూ చూస్తున్నాయి. చాలాసేపటికి కొంగు దిగింది. నా కంటే చిన్నది, ముఖం నా కంటే ముసలిది, ఎండలో చాలాసేపు కూర్చున్నందుకు ఎర్రబారి ఉంది. ఆమె నన్ను చూడలేదు, బిడ్డ కట్టుకున్న పసుపు చీరను చూసింది, కుచ్చిళ్ల నుంచి పైదాకా. తర్వాత నా వైపు తిరిగి "మొండిదానివక్కా నువ్వు" అన్నది.

"మొండిదాన్నే. నాగరాణీ, పని ఈడనే షురూ. ఇంట్ల గోలీలు ఏసుకునే మనిషిని ఎట్ల అడగాలె, మీ అమ్మను అడుగు, అందరం ఇంటం."

పిల్ల సిగ్గుపడి నవ్వి, గొంతు సవరించుకుంది. "అమ్మా, బీపీ గోలి ఏసుకున్నవా?"

సైదమ్మ బండ మీద ఆరిన సబ్బు మరకను గోటితో గీకింది.

"అమ్మా, నిన్నే."

"లే."

"పొద్దటి గోలి ఇప్పటిదాంక ఏసుకోలేవా? ఎందుకు?"

"లోపట అల్మార్ల ఉంది."

"ఉంటే?"

"లోపట నువ్వుంటివి."

నాగరాణికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమవగానే ఫోనును బండ మీద తల్లి పక్కన పెట్టేసి లోపలికి పరుగెత్తింది. నాకు ఆకాశం, గోడ అంచు, సైదమ్మ ముఖం సగం. బెంజమిన్ గడ్డం మీద నురుగు ఆరిపోతోంది. నా స్క్రీన్ పైనుంచి ఒక మెసేజీ కిందికి జారింది, శ్రీదేవి మేడం పెట్టింది. బీరమ్మగారూ, కెమెరా, అని రెండు మాటలు చదివాను, నేను మెల్లగా చదివే మనిషిని, ఒక్కొక్క అక్షరం పట్టుకుని పోవాలి. అప్పటికే నాగరాణి ఒక చేతిలో గోలీ, ఒక చేతిలో నీళ్లగ్లాసుతో తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చదవడం ఆపేశాను. గోలీ సైదమ్మ గొంతు దిగిందో లేదో ముందు చూడాలి.